ఇంట్లోనే వేప్ కాయిల్: తీగ చుట్టడం నుంచి వత్తి వేయడం దాకా

కార్తీకమాసం వచ్చిందంటే మా అమ్మమ్మ పత్తి ముందేసుకుని కూర్చునేది. వేళ్లకు కాస్త విభూతి అద్దుకుని అరచేతిలో ఒక్క తిప్పు తిప్పితే వత్తి తయారు. నేను చేసిన వత్తుల్ని మాత్రం పక్కన పడేసేది. "గట్టిగా నులిమేశావురా, ఇక నూనె ఎలా ఎక్కుద్ది? ఇట్టే కొండెక్కిపోద్ది" అనేది. పాతికేళ్ల తర్వాత ఇంగ్లండులో ఒక అద్దింటి వంటగదిలో, సిగరెట్ మానడానికి కొన్న వేప్‌లో, అంటే ఈ-సిగరెట్‌లో, మొదటిసారి నా చేత్తో చుట్టిన కాయిల్ బిగించి ఒక్క దమ్ము లాగాను. గొంతులోకి మాడిన గుడ్డ వాసన దిగింది. తీగ బాగానే చుట్టాను. వత్తి గట్టిగా నులిమేశాను.

వేప్ కూడా ఒక రకం దీపమే. నూనె బదులు లిక్విడ్, మంట బదులు ఎర్రబడే తీగ చుట్ట, అదే కాయిల్. జనం తీగ దగ్గర గంటలు గంటలు కూర్చుంటారు, రకరకాల అల్లికలు నేర్చుకుంటారు, వత్తి దగ్గరికొచ్చేసరికి ఒక్క నిమిషంలో దూది కుక్కేసి మూత పెట్టేస్తారు. రుచి పోయేది అక్కడే. అందుకే ఈ వ్యాసంలో వత్తి గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి.

మొదలుపెట్టే ముందు

ఇండియాలో ఉన్నవాళ్లు దీన్ని చదువుకోవచ్చు గానీ చేయడానికి లేదు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సుగా వచ్చి, ఆ ఏడాది డిసెంబరులో చట్టమైన ఈ-సిగరెట్ల నిషేధం కింద తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ (నిల్వకు మాత్రం శిక్ష ఇంతకంటే తక్కువ). కాబట్టి సెలవులకు హైదరాబాద్ వెళ్లేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకోకండి, "బావా, ఒకటి పట్రా" అంటే ఒప్పుకోకండి. సింగపూర్‌లో అయితే దగ్గర పెట్టుకున్నా తప్పే. బ్రిటన్‌లో 18 ఏళ్లు, అమెరికాలో 21 ఏళ్లు నిండినవాళ్లకు కొనుక్కోవచ్చు. నేను రాసేది నా చుట్టూ ఉన్న బ్రిటన్ పద్ధతి ప్రకారం.

ఇంకోమాట. ఇది సిగరెట్ నుంచి బయటపడుతున్న పెద్దవాళ్ల కోసం. అసలు పొగ అలవాటే లేనివాళ్లు దీన్ని కొత్తగా అంటించుకోవాల్సిన పని లేదు. సిగరెట్ కంటే తక్కువ హాని అంటే హాని లేదని కాదు. నికోటిన్ వదలదు.

ఇక్కడ బ్రిటన్‌లో 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే వేప్‌ల అమ్మకం నిషేధం. దాంతో మళ్లీ మళ్లీ వాడుకునే పరికరాల వైపు వచ్చినవాళ్లలో కొందరికి సొంతంగా చుట్టుకోవడం మీద మనసు మళ్లింది. రెడీమేడ్ కాయిల్ ఒక్కొక్కటీ రెండు మూడు పౌండ్లు పలుకుతుంది. అదే ధరకు దొరికే తీగతో పదుల కొద్దీ కాయిల్స్ చుట్టుకోవచ్చు.

సరంజామా

ముందు అటామైజర్, అంటే కాయిల్, వత్తి ఉండి లిక్విడ్ ఆవిరయ్యే పై భాగం. చేత్తో చుట్టిన కాయిల్ పెట్టుకునే వాటిలో రెండు రకాలు. ఆర్‌డీఏలో ట్యాంకు ఉండదు, కాయిల్ కింద చిన్న గుంట ఉంటుంది, అందులో వత్తి తోకలు మునుగుతాయి, పైనుంచి చుక్కలు వేసుకోవాలి. ఆర్‌టీఏలో చుట్టూ ట్యాంకు ఉంటుంది, లిక్విడ్ దానంతటదే వత్తిలోకి వస్తుంది. నేర్చుకోవడానికి ఆర్‌డీఏ తీసుకోండి, అదీ ఒక్క కాయిల్‌తోనూ రెండు కాయిల్స్‌తోనూ నడిచేది. తప్పు చేస్తే మూత తీయగానే కళ్ల ముందు కనిపిస్తుంది. ఆర్‌టీఏలో వత్తి ఒక పిసరు తక్కువైతే జేబంతా లిక్విడ్, ఎక్కువైతే గొంతంతా మాడు.

మాడ్, అంటే బ్యాటరీ పెట్టె, తప్పకుండా చిప్ ఉన్నదే కావాలి. తెర మీద ఓంలు, వాట్లు చూపించేది, షార్ట్ సర్క్యూట్ అయితే తనే ఆగిపోయేది. మెకానికల్ మాడ్ అనేవి ఉన్నాయి, వాటిలో ఏ రక్షణా ఉండదు, బ్యాటరీకీ కాయిల్‌కీ మధ్య ఉండేది మీ లెక్క ఒక్కటే. వాటి జోలికి ఇప్పుడు వెళ్లకండి.

మిగతావి చిన్నవే: 3 మి.మీ. డ్రిల్ బిట్ (మొన వైపు కాదు, నునుపుగా ఉండే వెనక వైపు వాడతాం), చిన్న స్క్రూడ్రైవర్, కొస మొదలంటా కోసే చిన్న కట్టర్, సిరామిక్ కొనలున్న ట్వీజర్, పదునైన చిన్న కత్తెర, తీగ, దూది. గోళ్ల కట్టర్‌తో తీగ కోసేవాళ్లను చూశాను. పని జరుగుతుంది, గోళ్ల కట్టర్ మాత్రం ఇక గోళ్లకు పనికిరాదు.

ఏ తీగ

మూడు పేర్లు తెలిస్తే చాలు. కాంతల్ అనేది ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన మిశ్రమం. స్వీడన్‌లో పుట్టింది, కాంట్సో అనే ఇంజినీరు పేరు, హాల్‌స్టాహామార్ అనే ఊరి పేరు కలిపి కుట్టిన మాట అది. గట్టిగా, స్ప్రింగులా ఉంటుంది, ఎన్నిసార్లు ఎర్రబరిచినా ఓర్చుకుంటుంది. నైక్రోమ్ 80లో 80 పాళ్లు నికెల్, 20 పాళ్లు క్రోమియం. మెత్తగా ఉంటుంది, చెప్పిన మాట వింటుంది, చుట్టి వదిలేస్తే విప్పుకోదు. నికెల్ పడని ఒళ్లున్నవాళ్లు, అంటే గిల్టు నగలు, వాచీ వెనక మూత తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్లు, దీన్ని వదిలేయాలి. మూడోది ఎస్ఎస్316ఎల్, అంటే స్టెయిన్‌లెస్ స్టీలు. మాడ్‌లో ఉష్ణోగ్రత నియంత్రణ వాడేవాళ్లకు ఇది బాగుంటుంది.

శుద్ధ నికెల్ తీగ, టైటానియం తీగ కూడా అమ్ముతారు. వాటిని పొరపాటున కూడా దూది లేకుండా ఎర్రగా కాల్చకూడదు. మొదటి ఆరు నెలలు అవి ఉన్నాయన్న సంగతే మరిచిపోండి.

గేజ్ విషయంలో తిరకాసు ఒకటుంది: అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 24 గేజ్ దాదాపు అర మిల్లీమీటరు (0.51), 26 గేజ్ 0.40, 28 గేజ్ 0.32. నేర్చుకోవడానికి కాంతల్ 26 గేజ్ తీసుకోండి. స్ప్రింగుతనం వల్ల మొదట్లో విసిగిస్తుంది గానీ దాన్ని లొంగదీసిన చేయి మిగతావాటిని అవలీలగా చుడుతుంది.

లెక్క, ఒక్కసారి చేత్తో

ఆన్‌లైన్లో లెక్కలు కట్టే సాధనాలు బోలెడు. అయినా ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి, ఇంటర్లో బట్టీ పట్టిన ఓం సూత్రం ఇన్నేళ్లకు అన్నం పెడుతుంది.

కాంతల్ ఏ1, 26 గేజ్ తీగ మీటరుకు దాదాపు 11.3 ఓంలు. 3 మి.మీ. బిట్ మీద చుడుతున్నాం, తీగ మందం 0.4, కాబట్టి చుట్టు మధ్య వ్యాసం 3.4 మి.మీ. దాన్ని 3.14తో గుణిస్తే ఒక్కో చుట్టుకు 10.7 మి.మీ. తీగ. ఆరు చుట్లకు 64. రెండు కాళ్లకూ, అంటే చుట్ల తర్వాత అటూ ఇటూ మిగిలే కొసలకు, చెరో 5 వేసుకుంటే మొత్తం 74 మి.మీ. అంటే 0.074 మీటర్లు. 11.3తో గుణిస్తే 0.84 ఓం. మాడ్ తెర మీద 0.80 నుంచి 0.88 మధ్య ఏది కనిపించినా మీ చుట్టుడు సరిగ్గానే ఉంది.

ఇప్పుడు ఎన్ని వాట్లు? తీగ ఉపరితలాన్ని బట్టి. 0.4 మి.మీ. మందం, 64 మి.మీ. పొడవు ఉన్న తీగకు ఉపరితలం దాదాపు 80 చదరపు మి.మీ. ఒక్కో చదరపు మి.మీ.కు పావు వాటు చొప్పున పెడితే నాకు హాయిగా ఉంటుంది, అంటే 20 వాట్లు. చల్లటి దమ్ము కావాలనుకునేవాళ్లు 15 దగ్గర ఆగండి. 25 దాటితే రుచి ముదిరి మాడు వైపు నడుస్తుంది.

లావు తీగ వేస్తే ఇంకా బాగుంటుందిగా అని ఎవరికైనా అనిపిస్తుంది. 26 నుంచి 24కు వెళ్తే లోహం బరువు దాదాపు 60 శాతం పెరుగుతుంది, ఉపరితలం మాత్రం 26 శాతమే. లిక్విడ్‌ను తాకేది ఉపరితలం, వేడెక్కడానికి సమయం తీసుకునేది బరువు. బటన్ నొక్కాక ఒక క్షణం ఏమీ రాదే, ఆ జాప్యం అక్కడిది. క్లాప్టన్ లాంటి అల్లిక తీగలు పుట్టింది ఈ చిక్కు విప్పడానికే, వాటి సంగతి తర్వాత.

చుట్టడం

తీగ ఒక జానెడు కోసుకోండి. కాంతల్ అయితే రెండు కొసలూ పట్టుకుని నెమ్మదిగా సాగదీసినట్టు లాగితే వంకరలు పోతాయి. దుమ్ము, యంత్రం నూనె ఉంటాయి కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన టిష్యూతో ఒకసారి తుడిచి ఆరనివ్వండి.

డ్రిల్ బిట్ నునుపు వైపు ఎడమ చేత్తో పట్టుకుని, తీగ కొసను బొటనవేలి కింద గట్టిగా అదమండి. రెండో కొసను కుడిచేత్తో లాగి పట్టి చుట్టండి. ఇక్కడ కిటుకు చుట్టడంలో లేదు, లాగడంలో ఉంది. పట్టు ఒక్క క్షణం సడలితే చుట్టుకూ చుట్టుకూ మధ్య సందు వస్తుంది. తీగను కొద్దిగా వెనక్కి, అంటే చుట్టేసిన చుట్ల వైపు వంచి లాగుతూ ఉంటే కొత్త చుట్టు పాతదాన్ని ఆనుకుని కూర్చుంటుంది. ఆరు చుట్లు అయ్యాక రెండు కాళ్లూ ఒకే దిక్కుకు, సమాంతరంగా ఉండాలి. మొదటి నాలుగైదు కాయిల్స్ జిలేబీల్లా వస్తాయి. పారేయండి. తీగ చవకే.

బిగించడం

మాడ్ ఆపి, అటామైజర్ మూత తీసి, కాయిల్‌ను బిట్ మీదే ఉంచి కాళ్లను అటామైజర్ అడుగున నిలబడి ఉండే చిన్న లోహపు స్తంభాల కన్నాల్లోకి దూర్చండి. స్క్రూలు ఒక్కసారిగా కాకుండా అటు కొంచెం ఇటు కొంచెం బిగించండి. మరీ బలం వేస్తే సన్న తీగ అక్కడికక్కడే తెగుతుంది, వదులుగా ఉంటే ఓంలు గంతులేస్తాయి. తెర మీద అంకె ఒకసారి 0.83, ఇంకోసారి 0.95 చూపిస్తే స్క్రూ వదులుగా ఉన్నట్టే లెక్క.

కాయిల్ ఎత్తు రుచిని బాగా మారుస్తుంది. పక్క నుంచి గాలి వచ్చే ఆర్‌డీఏలో కాయిల్ సరిగ్గా గాలి కన్నానికి ఎదురుగా ఉండాలి, గాలి దాని పొట్టను తాకుతూ పోవాలి. కన్నానికి ఎంత దగ్గరగా జరిపితే రుచి అంత చిక్కన. అలాగని గోడకు తగిలితే షార్ట్. మూత పెట్టి, గాలి కన్నంలోంచి టార్చి వేసి చూడండి, చుట్టూ కనీసం ఒక మిల్లీమీటరు ఖాళీ కనిపించాలి. మిగిలిన తీగ కొసల్ని స్తంభానికి ఆనించి మొదలంటా కోయండి. ఆ కోసిన ముక్క ఎగిరి ఎటు పడుతుందో చెప్పలేం, కళ్లద్దాలు పెట్టుకోండి, లేదా ముక్కను వేలితో పట్టుకుని కోయండి.

ఇప్పుడు మాడ్ మీద 10 వాట్లు పెట్టి ఒక్క సెకను బటన్ నొక్కి వదలండి. మళ్లీ నొక్కి వదలండి. కాయిల్ నడిమి నుంచి మొదలై రెండు పక్కలకూ సమంగా ఎర్రబడాలి. ఒక కాలు మాత్రం మండిపోతోంటే, లేదా ఒక్క చుట్టే నిప్పులా మెరుస్తోంటే, అది హాట్ స్పాట్. బటన్ వదిలేసి సిరామిక్ ట్వీజర్ కొసతో కాయిల్ మీద వీణ తీగలు మీటినట్టు అటూ ఇటూ గీకండి. మళ్లీ నొక్కండి. మూడు నాలుగు సార్లలో సర్దుకుంటుంది. తీగ ఇంకా వెచ్చగా ఉండగా ట్వీజర్‌తో రెండు పక్కల నుంచీ సుతారంగా నొక్కితే చుట్లు దగ్గరకు చేరతాయి. లోహపు ట్వీజర్‌తో మాత్రం బటన్ నొక్కి ఉన్నప్పుడు తాకకండి.

ఈ ఎర్రబరచడం కొందరికి సరదా అయిపోతుంది, వీడియోలు తీస్తూ నారింజరంగు దాకా కాలుస్తారు. అవసరం లేదు. మసక ఎరుపు చాలు. అతిగా కాల్చిన తీగ పైపొర దెబ్బతింటుంది, ఆ లోహపు రేణువులు పోయేది మన లోపలికే.

వత్తి

ఇక అమ్మమ్మ దగ్గరికి వచ్చాం.

దూది ఏది? బ్లీచ్ చేయని, నూరు శాతం పత్తి. జపనీస్ కాటన్ పేరుతో చదరపు పలకలుగా అమ్మేది, లేదా వేప్ షాపుల్లో పొడవాటి పాయలుగా దొరికేది తీసుకోండి. సూపర్‌మార్కెట్లో మేకప్ తుడుచుకోవడానికి అమ్మే ఉండల్లో కొన్ని అసలు పత్తే కావు, పాలిస్టర్, వేడికి కరుగుతాయి. మా ఇంట్లో కిందగదిలో ఉండే భీమవరం కుర్రాడు ఒక ఆదివారం దూది అయిపోయిందని ఇండియన్ షాపులో కొన్న పూజ వత్తి పెట్టేశాడు. "అన్నా, వత్తే కదా, తేడా ఏంటి?" అన్నాడు. తేడా ఏంటంటే, అది నేతిలో నాని ఎండిన వత్తి. రెండు దమ్ములకే వాడికి దగ్గు ఆగలేదు. నెయ్యి, నూనె, సుగంధ తైలం, ఏ కొవ్వు పదార్థమైనా ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. వత్తిలోనే కాదు, లిక్విడ్‌లో కూడా ఇంట్లో ఉన్న యూకలిప్టస్ తైలం రెండు చుక్కలు కలుపుదాం లాంటి ఆలోచనలు వద్దు.

పలక దూది అయితే పైనా కిందా ఉన్న గట్టి పొర ఒలిచేయండి. లోపలి మెత్తటి దూది నుంచి పోగులు నిలువుగా ఉండే వైపు సన్నని పట్టీ కోయండి. 3 మి.మీ. కాయిల్‌కు దాదాపు ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీతో మొదలుపెట్టండి, దూది మందాన్ని బట్టి పెంచుకోవచ్చు తగ్గించుకోవచ్చు. ఒక కొసను మాత్రం వేళ్ల మధ్య సన్నగా నులమండి, సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు కొస నులిమినట్టు. మిగతాది నులమకండి. చేయి ఊరుకోదు, పైనుంచి కిందికి తిప్పాలనిపిస్తుంది. వద్దు.

ఆ కొసను కాయిల్‌లో దూర్చి అవతలి నుంచి లాగండి. ఇక్కడ వేళ్లకు తెలియాల్సిందొకటి ఉంది. దూది కాయిల్‌లో కదులుతున్నప్పుడు చిన్న ఒరిపిడి ఉండాలి, కానీ కాయిల్ చోటు మారకూడదు. కాయిల్ దూదితోపాటు వంగుతుంటే ఎక్కువైంది, బయటికి తీసి కొన్ని పోగులు పీకేయండి. ఏ అడ్డూ లేకుండా జారిపోతుంటే తక్కువైంది: దూదికీ తీగకూ మధ్య ఖాళీ మిగిలి, అక్కడ లిక్విడ్ నిలిచి, చిటపటలాడుతూ నాలుక మీదికి వేడి చుక్కలు చిమ్ముతాయి.

కుదిరాక రెండు పక్కలా తోకల్ని అటామైజర్ అంచుకు సమంగా కోయండి. ఇప్పుడు అందరూ వదిలేసే మెట్టు: తోకల్ని ట్వీజర్ కొసతో దువ్వండి. తల దువ్వినట్టే, పైనుంచి కిందికి, వదులు పోగులు రాలిపోయేదాకా. కాయిల్ లోపల దూది నిండుగా, తోకల్లో పలచగా ఉండాలి. లిక్విడ్ ఎక్కేది తోకల్లోంచే కాబట్టి అక్కడ దారి తెరిచి ఉండాలి. తోకల్ని గుంటలోకి మడిచి, అడుగును తాకీ తాకనట్టు కూర్చోబెట్టండి. అడుగున ముద్దగా కుక్కితే లిక్విడ్ పైకి రావడం మందగిస్తుంది. గాలి కన్నానికి అడ్డంగా ఒక్క పోగు కూడా ఉండకూడదు.

తర్వాత తడపడం. కాయిల్ మీద రెండు చుక్కలు, ఒక్కో తోక మీద మూడు నాలుగు చుక్కలు. దూది తెల్లదనం పోయి గాజులా మెరిసేదాకా వేయండి. 10 వాట్ల దగ్గర అర సెకను చొప్పున రెండు మూడు సార్లు నొక్కండి, ఆవిరి లేస్తుంది, మళ్లీ ఒక చుక్క. మూత పెట్టి, వాట్లు ఒక్కసారిగా కాకుండా 14, 17, 20 అంటూ పెంచుకుంటూ వెళ్లండి. మొదటి పది దమ్ముల్లో కొత్త పత్తి వాసన కొంచెం ఉంటుంది, పోతుంది. గొంతు పట్టేసేలా మాడు వస్తే మాత్రం ఆపేయండి. ఎండిన వత్తి కాలితే ఫార్మాల్డిహైడ్ లాంటివి పుడతాయి, ఓర్చుకుని లాగాల్సిన విషయం కాదు. ఒకసారి మాడిన దూది మళ్లీ బాగుపడదు, తీసి పారేయండి.

రుచి ఒకవైపు, మబ్బు ఒకవైపు

రెండూ ఒకేసారి నిండుగా కావాలంటే కుదరదు. ఎక్కువ గాలి ఎక్కువ ఆవిరిని మోసుకొస్తుంది, అదే గాలి రుచిని పలచన చేస్తుంది. పైన చేసింది రుచి కాయిల్. గాలి కన్నం సగానికి మూసి, పీజీ, వీజీ చెరి సగం ఉన్న 50-50 లిక్విడ్ వేసి, 18-20 వాట్ల దగ్గర నెమ్మదిగా లాగితే మామిడి మామిడిలా, ఏలకులు ఏలకుల్లా తెలుస్తాయి. రుచిని మోసేది ఎక్కువగా పీజీ, అంటే ప్రొపిలీన్ గ్లైకాల్. మబ్బు కట్టేది వీజీ, అంటే గ్లిజరిన్.

మబ్బు కావాలంటే అదే కాయిల్ ఇంకొకటి చుట్టి పక్కన బిగించండి. రెండు 0.84లు సమాంతరంగా కలిస్తే 0.42 ఓం. ఉపరితలం రెట్టింపు, కాబట్టి వాట్లూ రెట్టింపు, 40. రెండు కాయిల్స్‌కూ చుట్లు, కాళ్ల పొడవు అచ్చు ఒకేలా ఉండాలి. ఒకటి ముందు ఎర్రబడి రెండోది ఆలస్యంగా వస్తోందంటే రెండోదాని కాలు పొడుగ్గా ఉందో, స్క్రూ వదులుగా ఉందో చూడండి. గాలి కన్నాలు పూర్తిగా తెరవండి. లిక్విడ్ 70 పాళ్లు వీజీ. వీజీ చిక్కన కాబట్టి తోకల్ని ఇంకా పలచగా దువ్వాలి. లేకపోతే మూడో దమ్ముకే మాడు.

నికోటిన్ తగ్గించడం మరిచిపోకండి. సిగరెట్‌లా నోటితో లాగే చిన్న పరికరంలో మి.లీ.కు 20 మి.గ్రా. నికోటిన్ ఉన్న లిక్విడ్ వాడినవాళ్లు అదే సీసా ఇందులో వేస్తే తల తిరిగి కూలబడతారు. ఈ పరికరంలో 3 మి.గ్రా. చాలు. బ్రిటన్‌లో నికోటిన్ ఉన్న సీసా 10 మి.లీ.కి మించదు కాబట్టి, 50 మి.లీ. నికోటిన్ లేని సీసాలో 18 మి.గ్రా. బలం ఉన్న 10 మి.లీ. సీసా ఒకటి కలపడం అందరూ చేసే పని. 180 మి.గ్రా. 60 మి.లీ.లో పరుచుకుంటే సరిగ్గా 3. చర్మం మీద పడితే వెంటనే కడుక్కోండి, పిల్లలకు అందని అల్మరాలో పెట్టండి. చిన్నపిల్లలకు అది విషం.

చలికాలం పొద్దున తోటలో వదిలిన మబ్బు గదిలో కంటే రెట్టింపు కనిపించి, "అబ్బ, కాయిల్ అదిరింది" అనుకుంటాం. అది కాయిల్ గొప్పతనం కాదు, చల్లని తేమ గాలి మహిమ. గదిలో వదిలిన మబ్బుకు నాకు దక్కింది మాత్రం అర్ధరాత్రి పొగ అలారం, పైజామాల్లో బయట నిలబడ్డ ఇంటివాళ్ల చూపులు.

క్లాప్టన్

మామూలు తీగ చేయి తిరిగాక దీని సంగతి చూడండి. వీణలో మంద్ర తంతిని దగ్గరగా చూశారా? లోపల ఒక తీగ, దాని మీద సన్న తీగ దగ్గర దగ్గరగా చుట్టి ఉంటుంది. క్లాప్టన్ తీగ అచ్చం అదే, కాకపోతే పేరు గిటార్ తీగల నుంచి, గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ పేరు మీదుగా వచ్చింది. బొబ్బిలి వాళ్లు కనిపెట్టి ఉంటే ఇంకేదో పేరు ఉండేది. బయటి చుట్ల మధ్య సన్నటి గాడుల్లో లిక్విడ్ నిలుస్తుంది, ఉపరితలం పెరుగుతుంది, రుచి చిక్కబడుతుంది.

చేయాలంటే 28 గేజ్ నైక్రోమ్ తీగ ఒక కొస డ్రిల్ మిషన్‌లో, రెండో కొస స్వేచ్ఛగా తిరిగే చేపల గాలపు స్వివెల్‌కు కట్టి, 38 గేజ్ సన్న తీగను మీద చుట్టుకుంటూ పోవాలి. డ్రిల్ నెమ్మదిగా తిరగాలి. సన్న తీగను వేళ్ల మధ్య సమమైన బిగువుతో, చుట్టిన వైపుకు కాస్త వాల్చి పట్టుకోవాలి. ఒక్క చుట్టు మరోదాని మీద ఎక్కితే అక్కడ ఆపి, వెనక్కి విప్పి, మళ్లీ. నాకు మొదటి అడుగు పొడవు తీగకు ఒక శనివారం పట్టింది. నిజాయితీగా చెబితే, రెడీగా చుట్టినవి కొనుక్కోవడంలో సిగ్గేమీ లేదు. దూది సరిగ్గా వేసిన మామూలు కాంతల్, దూది కుక్కిన క్లాప్టన్ కంటే బాగుంటుంది, ఎన్నిసార్లు పోల్చినా.

బ్యాటరీ

ఇక్కడ సరదా లేదు. 40 వాట్లకు ఒక్క బ్యాటరీ మాడ్ అయితే, బ్యాటరీ 3.2 వోల్టులకు దిగినప్పుడు, మాడ్‌లో వృథాగా పోయేది పదో వంతు వేసుకుంటే, దాదాపు 14 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ నిరంతరంగా ఇవ్వగలది 20 ఆంపియర్లు ఉండాలి. శాంసంగ్ 25ఆర్ లాంటి పేరున్న 18650 సైజు బ్యాటరీలు అంత ఇస్తాయి. ఎక్కువ ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడుతుందో చెప్పే అంకె) అంటే ఎక్కువ బలం అనుకోవద్దు, తరచుగా దానికి తిరగబడే ఉంటుంది. ముద్రించిన అంకెలు భారీగా ఉన్న ఊరూ పేరూ లేని చవక బ్యాటరీలు అసలొద్దు.

విడి బ్యాటరీ ఎప్పుడూ ప్లాస్టిక్ డబ్బాలోనే. ఒకసారి నేను తాళాల గుత్తి ఉన్న జేబులోనే వేసుకుని బస్సెక్కాను. తొడ చురుక్కుమంటే చెయ్యి పెట్టి చూశాను, తాళం బ్యాటరీ పై కొసకూ పక్కకూ కలిపి ఆనుకుని ఉంది, పైపొర అప్పటికే చిరిగి ఉంది. ఒక్క నిమిషం ఆలస్యమైతే ఈ వ్యాసం ఇంకెవరో రాసేవారు. పైపొర చిరిగితే కొత్త తొడుగు వేయండి, సొట్ట పడితే రీసైకిల్ డబ్బాలో వేయండి. విమానంలో వేప్, బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి, లగేజీలో కాదు. ఇండియా విమానమైతే పైన చెప్పాను కదా, ఇంట్లోనే.

నిర్వహణ

దూది మూడు నుంచి ఐదు రోజులకు మార్చండి. తీపి ఎక్కువ ఉన్న లిక్విడ్ అయితే రెండో రోజుకే తీగ మీద పాకం ముదిరినట్టు నల్లటి పొర కడుతుంది. దూది తీసేసి, 10 వాట్ల దగ్గర చిన్న చిన్న నొక్కుళ్లతో ఆ పొర ఎండి బూడిదయ్యేదాకా కాల్చి, చల్లారాక అటామైజర్‌ను మాడ్ నుంచి విప్పి గోరువెచ్చటి నీళ్ల కింద పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. తడి పూర్తిగా ఆరాకే మళ్లీ వత్తి. నెలకోసారి తీగే మార్చేస్తాను.

రుచి ఒక్కసారిగా తెలియడం మానేస్తే కాయిల్‌ను తిట్టకండి, రోజంతా ఒకే రుచి తాగితే నాలుక మొద్దుబారుతుంది. నీళ్లు తాగి, ఒక రోజు వేరే రుచి వేసుకోండి.

తీసిన పాత వత్తిని పారేసేముందు విప్పి చూడండి. కాయిల్ లోపల ఉన్న భాగం అంతటా సమంగా లేత గోధుమరంగులో ఉండి, తోకలు తెల్లగా తడిగా ఉంటే వత్తి కుదిరినట్టు. నడిమధ్యలో నల్లటి చుక్క ఉంటే అక్కడ దూది గట్టిపడింది, ఈసారి నాలుగు పోగులు తగ్గించండి. ఒక పక్కే నల్లబడితే ఆ వైపు తోక అడుగున ముద్దయ్యింది. రెండు కొసలూ పొడిగా, పెళుసుగా ఉంటే చుక్కలు వేయడంలో మీరే బద్ధకించారు.